అడవిపనిలోంచి వడ్రంగంలోకి మారాలంటే

పదకొండేళ్ళు పాడైన అడవులను తిరిగి పెంచే పనిలో ఉన్నాను. ఇప్పుడు వడ్రంగం చేస్తున్నాను. ఇలా మారాలనుకునేవాళ్ళకు నాకు అనుభవమైనంత వరకు చెబుతాను.

ముందు మీకు విసుగు దేనిమీదో తేల్చుకోండి. నాకు చివరి రెండేళ్ళలో మొక్కను ముట్టుకున్న రోజులకంటే రిపోర్టులు రాసిన రోజులే ఎక్కువ. మీదీ అదే బాధ అయితే నర్సరీకో, అడవిని కమ్మేసే లాంటానా అనే కలుపు పొదలు పెరికే జట్టుకో మార్చమని అడిగి చూడండి. ఆరు నెలలకీ మనసు కుదరకపోతే అప్పుడు మానేయండి.

ఉద్యోగంలో ఉండగానే చేతిపని మొదలుపెట్టాలి. నేను ఎనిమిది నెలలు ప్రతి ఆదివారం ఒక మేస్త్రీ గారి దగ్గరికి వెళ్ళాను. మొదటి మూడు నెలలూ ఉలి నూరడం, చిత్రిక పట్టడం, అంతే. ఆ దశ దాటేయకండి. పదును లేని ఉలితో ఏ జాయింటూ కుదరదు.

మన చదువు ఒక్కచోట బాగా పనికొస్తుంది. పచ్చి కలపలో ముందు కణాల లోపలి నీరు పోతుంది, అప్పటికి చెక్క కుంచించుకోదు. తేమ సుమారు 30 శాతం కంటే తగ్గాక కణాల గోడలు ఆరుతాయి, కుంచించుకోవడం అక్కడ మొదలవుతుంది. అదీ అన్నివైపులా సమానంగా కాదు. చెట్టు వలయాల వెంబడి కుంచించుకునేది, నడిబొడ్డు వైపు కుంచించుకునేదానికి దాదాపు రెట్టింపు. పలక వంగేది అందుకే. ఇది నాకు వెంటనే అర్థమైంది. కానీ ఆ చదువుతో చేతికి పనితనం రాదు. అడవిలో 1.3 మీటర్ల ఎత్తున చెట్టు చుట్టుకొలత తీసేటప్పుడు ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయినా నడిచిపోయేది. ఇక్కడ అర మిల్లీమీటరు తేడా వచ్చినా కూసు, అంటే ఒక చెక్కను ఇంకో చెక్కలో బిగించడానికి చెక్కిన కొన, బెజ్జంలో వదులైపోతుంది. నా మొదటి ఇరవై కూసులూ వదులే.

అన్నిటికంటే ముఖ్యం అప్పగింత. నాటిన మొక్కలు మొదటి ఎండాకాలం దాటకముందే వెళ్ళిపోవద్దు, ఎక్కువ చచ్చేది అప్పుడే. ఏ విత్తనం ఏ తల్లి చెట్టుదో, ఏ ప్లాటులో ఏవి ఎందుకు పోయాయో రాసి పెట్టండి. బతికినవాటి లెక్క ఎవరైనా రాస్తారు, పోయినవాటి కారణం చూసినవాళ్ళకే తెలుసు. నేను ఫైలు ఇచ్చాను కానీ ప్లాటు మూలల్లో పాతిన రాళ్ళు ఎక్కడున్నాయో చూపించలేదు. నా తర్వాత వచ్చిన అమ్మాయి వాటికోసం వారం తిరిగింది. తర్వాత ఫోన్ చేస్తే వెళ్ళి చూపించాను, కానీ ఆ వారం ఆమెకు పోయినట్టే. కాబట్టి మీ స్థానంలోకి వచ్చేవాళ్ళతో ప్రతి ప్లాటూ ఒకసారి కలిసి నడవండి. అక్కడ రోజూ పనిచేసే కూలీలను పేరుపేరునా పరిచయం చేయండి, మన ఫైల్లో లేనిది వాళ్ళకి తెలుసు.

డబ్బు సంగతి: ఏడాది ఇంటి ఖర్చు చేతిలో ఉండాలి. లేకపోతే టెన్షన్లో తొందరపడి, రాని పనులు ఒప్పుకుంటారు.

పనిముట్లు మొదట్లో కొన్నే కొనండి: మంచి రంపం, రెండు ఉలులు, చిత్రిక, మూలమట్టం, నూరే రాయి. కలప కొనేటప్పుడు అది ఎక్కడిదని అడగండి. సరైన జవాబు రాకపోతే నేను కొనను. పాత తలుపులు, ద్వారబంధాలు విప్పిన కలప దొరికితే ముందు అదే తీసుకుంటాను. ఏళ్ళ తరబడి ఆరిన చెక్క కాబట్టి వంకర పోవడం తక్కువ. కోసే ముందు మేకులన్నీ వెతికి తీసేయండి.