లక్ష కిలోమీటర్లు దాటిన లగ్జరీ కారు కొంటున్నరా? ముందు ఈ నంబరు చూడండి

లక్ష కిలోమీటర్లు దాటిన లగ్జరీ సెడాన్ తక్కువకు వస్తదంటే మనసు గుంజుతది. కానీ మనం పోయే ముందురోజే ఇంజిన్ల లోపముందని చెప్పే లైటును, దాని కోడ్లను చెరిపేసి, శుభ్రమైన డ్యాష్‌బోర్డు చూపించేటోళ్లు ఉంటరు.

బండి కంప్యూటర్‌ల ఉన్న లోపాల కోడ్లు చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఒకటి కొనండి, మామూలుది వెయ్యి రూపాయల లోపే దొరుకుతది. స్టీరింగ్ కింద, మోకాలి దగ్గరుండే సాకెట్‌ల పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఫోన్ యాప్‌తో కలపండి. లైవ్ డేటాల 'కోడ్లు చెరిపినంక తిరిగిన దూరం' వెతకండి. కోడ్లు చెరిపినప్పుడల్లా ఈ నంబరు సున్నా నుంచి మొదలైతది. వేలల్ల ఉంటే మంచిదే. మొన్న హనుమకొండల మా తమ్ముడితో 1,40,000 తిరిగిన బండి చూడబోతే, అది 11 కిలోమీటర్లని చూపించింది. బేరం ఆడకుండనే వచ్చేసినం.

పొద్దున ఆరింటికే పోండి. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలె. వెచ్చగుంటే ముందే స్టార్ట్ చేసిన్రన్నట్టు. చల్లారినంక మళ్ల రండి, స్టార్టింగ్‌ల వచ్చే పొగ, చప్పుడు అప్పుడే తెలుస్తయి.

ఒక్క జాగ్రత్త: బ్యాటరీ తీసి పెట్టినా కొన్ని బండ్లల్ల ఆ నంబరు సున్నాకొస్తది. కాబట్టి కొత్త బ్యాటరీ బిల్లు అడగండి. ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగులకు బదులు గాలితో బండిని మోసేది), గేర్‌బాక్స్ లోపాలు మాత్రం ఈ చిన్న స్కానర్‌కు చాలావరకు అందయి. వాటికి ఆ కంపెనీ బండ్లు చేసే మెకానిక్‌కు ఫీజిచ్చి పెద్ద స్కానర్‌తో చూపించాల్సిందే.