నొటేషన్ చదవడం రాకుండా గిటార్ నేర్చుకోవడం ఎలా?

ఐదు గీతల మీద ఉండే ఆ నల్లచుక్కలు చదవడం రాదని గిటార్ జోలికే వెళ్ళనివాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ భయం అక్కర్లేదు. రాక్ గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్‌కి, జాజ్‌లో వెస్ మాంట్‌గోమరీకి నొటేషన్ చదవడం వచ్చేది కాదు. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌ని చూడండి. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు గాయకులు, మాండలిన్ వాయించేవారు కాదు. గురువు పాడుతుంటే శిష్యుడు విని దాన్నే తీగ మీద పలికించేవారు. మాండలిన్‌కీ గిటార్‌లాగే ఫ్రెట్లు (మెడకి అడ్డంగా ఉండే కడ్డీలు) ఉంటాయి, కాబట్టి మనమూ అదే దారి పడదాం: ముందు గొంతుతో పాడటం, తర్వాత తీగ మీద వెతకడం.

క్లాసికల్ గిటార్ నేర్చుకోవాలన్నా, కాగితం ముందుపెట్టి వాయించమనే రికార్డింగులకి వెళ్ళాలన్నా నొటేషన్ కావాల్సిందే. మీకు నచ్చిన పాటలు ఇంట్లోనో, స్నేహితుల మధ్యో, కాలేజీ స్టేజీ మీదో వాయించుకోవడానికి మాత్రం అవసరం లేదు.

1. ముందు శ్రుతి

గిటార్ పట్టుకున్నప్పుడు మీ ముఖానికి దగ్గరగా పైనుండే లావు తీగ ఆరోది, కింద ఉండే సన్నది ఒకటోది. లావు తీగ నుంచి వరసగా ఇ, ఎ, డి, జి, బి, ఇ. ఫోన్‌లో ఏదో ఒక ట్యూనర్ యాప్ వేసుకుని శ్రుతి చేయండి, కానీ అక్కడితో ఆగకండి. ఆరో తీగని ఐదో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటితే వచ్చే ధ్వని, ఏమీ నొక్కకుండా వదిలేసిన ఐదో తీగ ధ్వని ఒకటే కావాలి. ఇలాగే ఒక్కో తీగనీ దాని పక్కదానితో సరిచూసుకుంటూ రండి, మూడో తీగ దగ్గర మాత్రం ఐదు కాదు, నాలుగో ఫ్రెట్ నొక్కాలి. రెండు ధ్వనులూ కలవనప్పుడు గాలిలో ఒక అల కదులుతున్నట్టు వినిపిస్తుంది, దగ్గరపడేకొద్దీ ఆ అల నెమ్మదించి ఆగిపోతుంది. చెవికి ఇంతకంటే మంచి పాఠం లేదు.

2. ఒకే తీగ మీద సరిగమలు

చాలామంది మొదటిరోజే కార్డ్‌ల (కలిపి మోగించే స్వరాల గుంపుల) మీద పడతారు, నన్నడిగితే అంతకంటే ముందు ఓ వారం ఇది చేయాలి. ఒకటో తీగ తీసుకోండి. ఏమీ నొక్కకుండా మీటితే అది స. అక్కడి నుంచి రి రెండో ఫ్రెట్, గ నాలుగు, మ ఐదు, ప ఏడు, ద తొమ్మిది, ని పదకొండు, పై స పన్నెండు. ఇది శంకరాభరణం, పాశ్చాత్యులు మేజర్ స్కేల్ అనేది కూడా ఇదే. ఒక ఫ్రెట్ అంటే ఒక స్వరస్థానం, పన్నెండు ఫ్రెట్లు దాటితే మళ్ళీ స. చిన్నప్పుడు సరళీ వరసలు నేర్చుకున్నవాళ్ళకి చెవిలో ఉండేది మాయామాళవగౌళ కదా, అదైతే 0, 1, 4, 5, 7, 8, 11, 12. మోహనం కావాలంటే శంకరాభరణంలో మ, ని తీసేయండి.

ఒక్కటే షరతు: ప్రతి స్వరాన్నీ మీటే ముందు పాడండి. పాడింది తీగ మీద పలికిందో లేదో చూసుకోండి. కొన్నాళ్ళకి ఏదైనా పల్లవి మొదటి లైను వినగానే వేలు ఎటు జరగాలో తెలుస్తుంది.

3. కార్డ్ బొమ్మలు

మీరు చదవడం నేర్చుకోవాల్సింది కార్డ్ ఎలా పట్టాలో చూపించే ఈ బొమ్మలే, దానికి పది నిమిషాలు చాలు. నిలువు గీతలు తీగలు, ఎడమ చివర ఉన్నది లావు తీగ. అడ్డగీతలు ఫ్రెట్లు, చుక్క ఉన్నచోట నొక్కాలి. పైన సున్నా ఉంటే ఆ తీగని నొక్కకుండా వాయించాలి, ఇంటూ గుర్తు ఉంటే ఆ తీగ జోలికి వెళ్ళకూడదు.

ఇ మైనర్‌తో మొదలుపెట్టండి. ఐదు, నాలుగు తీగలు రెండో ఫ్రెట్‌లో నొక్కితే చాలు, మిగతావి ఖాళీ. వేలికొసతో, ఫ్రెట్ కడ్డీకి కాస్త వెనక, దాదాపు ఆనుకుని నొక్కాలి. రెండు కడ్డీల మధ్యలో నొక్కితే ఎక్కువ బలం కావాలి, పైగా తీగ బుర్రుమంటుంది. ఇప్పుడు ఆరు తీగల్నీ ఒక్కొక్కటిగా మీటండి. ఏది మూగగా పలికితే ఆ తీగకి పక్కవేలు తగులుతోందన్నమాట, వేలిని ఇంకొంచెం నిటారుగా నిలబెట్టండి. వేలికొసలు మండుతాయి, అది కొన్ని వారాలే, ఆ తర్వాత చర్మం గట్టిపడుతుంది. మండుతున్న రోజున పది నిమిషాలు వాయించి ఆపేయండి, మర్నాడు మళ్ళీ పట్టుకోవచ్చు.

తర్వాత సి, ఎ మైనర్, జి, డి. అసలు కష్టం కార్డ్ పట్టుకోవడంలో కంటే ఒకదాని నుంచి ఇంకోదానికి మారడంలో ఉంటుంది. అందుకని రెండు కార్డ్‌ల మధ్య కదలకుండా ఉండిపోయే వేలు ఏదో చూడండి. సి నుంచి ఎ మైనర్‌కి వెళ్ళేటప్పుడు చూపుడువేలు, మధ్యవేలు ఉన్నచోటే ఉంటాయి, ఉంగరపు వేలు మాత్రమే ఐదో తీగ నుంచి లేచి మూడో తీగ రెండో ఫ్రెట్‌కి వస్తుంది. చేయి మొత్తం ఎత్తేసి మళ్ళీ పెట్టే అలవాటు చేసుకుంటే తర్వాత వదిలించుకోవడం చాలా కష్టం.

4. కుడిచేతికి తాళం

గిటార్ పక్కన పెట్టి ముందు నోటితో అనండి: తకధిమి తకధిమి. త, ధి దగ్గర చేయి కిందికి, క, మి దగ్గర పైకి. చేయి ఆగకుండా ఊగుతూనే ఉండాలి, ఏ అక్షరం దగ్గర తీగల్ని తాకాలన్నదే తేడా. మొదటి క, రెండో త దగ్గర తాకకుండా గాలిలో పోనిచ్చి మిగతా అన్నిటి దగ్గరా తాకండి. ఎన్నో పాటల్లో మీరు విన్న స్ట్రమ్మింగ్ అదే. తకిట తకిట నడకలో ఉండే పాటలకి త దగ్గర గట్టిగా, కి, ట దగ్గర తేలిగ్గా కొడితే సరిపోతుంది. మన సినిమా మెలొడీల్లో ఈ నడక చాలా ఎక్కువ, కాబట్టి దీన్ని తర్వాత చూద్దాంలే అని వాయిదా వేయకండి.

5. వినిపించిన పాటకి కార్డ్‌లు పట్టడం

పాట ఎక్కడికొచ్చి ఆగితే పూర్తయినట్టు అనిపిస్తుందో ఆ స్వరం సాధారణంగా స. దాన్ని కూనిరాగం తీస్తూనే ఆరో తీగ మీద వెతకండి. మూడో ఫ్రెట్‌లో దొరికిందనుకోండి, అది జి. అక్కడి నుంచి ఇందాకటి లెక్కే: మ ఐదు ఫ్రెట్లు అవతల, అంటే సి, ప ఏడు అవతల, అంటే డి. స, మ, ప మీద మేజర్ కార్డ్‌లు (అంటే ఉత్త జి, సి, డి), ద మీద మైనర్, అది ఇ మైనర్. ఈ నాలుగింటితో ఎన్నో పాటలు నడుస్తాయి. పాట మైనర్‌లో ఉంటే ఇవే కార్డ్‌లతో ఇ మైనర్‌ని ఇల్లుగా చేసుకుని చూడండి. కల్యాణి ఛాయ ఉన్న పాటల్లో మాత్రం మ ఒక ఫ్రెట్ పైకి వెళ్తుంది, అక్కడ సి కార్డ్ చెవికి గుచ్చుకుంటుంది. గుచ్చుకుంటోందంటే మీ చెవి సరిగ్గానే పనిచేస్తోంది, ఆ చోట డి వాయించి చూడండి.

పాడేవాళ్ళ శ్రుతికి క్యాపో (తీగలన్నిటినీ ఒకే ఫ్రెట్ దగ్గర నొక్కి ఉంచే క్లిప్పు) ఉంది. ఐదు శ్రుతిలో (అంటే స జి దగ్గర) పాడేవాళ్ళకి పై కార్డ్‌లు ఉన్నవున్నట్టే సరిపోతాయి. ఐదున్నర అయితే క్యాపో ఒకటో ఫ్రెట్‌లో, ఆరైతే రెండో ఫ్రెట్‌లో బిగించి అవే కార్డ్‌లు పట్టుకోండి.

6. ట్యాబ్

పాట మధ్యలో వచ్చే చిన్న చిన్న గిటార్ బిట్ల కోసం ట్యాబ్ పనికొస్తుంది. ఆరు అడ్డగీతలు ఆరు తీగలు, అన్నిటికంటే కిందిది లావు తీగ (ఇక్కడే అందరూ తికమకపడతారు, గిటార్ ఒళ్ళో ఉన్నప్పుడు అది పైనుంటుంది కదా). గీత మీది అంకె ఫ్రెట్ నంబరు. ఏ స్వరం ఎంతసేపు నిలవాలో మామూలు ట్యాబ్ చెప్పదు కాబట్టి ఆ బిట్‌ని ముందు పదిసార్లు వినండి, తప్పుల్లేకుండా పాడగలిగాకే ట్యాబ్ తెరవండి. నెట్‌లో దొరికే వాటిల్లో తప్పులు బోలెడు. మీరు పాడినదానికీ ట్యాబ్‌లో ఉన్నదానికీ తేడా వస్తే, పాటని సగం వేగంలో పెట్టి మళ్ళీ విని, చెవి చెప్పిన అంకెని అక్కడే పెన్సిల్‌తో దిద్దుకోండి.