రైతుకు నిరుద్యోగ భృతి కావాలంటే కాగితం మీద పని అడగాలి

పత్తి ఏరడం అయిపోయి, యాసంగికి బోరులో నీళ్లు లేక ఖాళీగా ఉన్న రైతుకు నిరుద్యోగ భృతి ఏమైనా వస్తుందా అని చాలామంది అడుగుతున్నారు. ఉద్యోగం పోతే ఈఎస్ఐ (కార్మికుల బీమా) వాళ్లు గరిష్ఠంగా 90 రోజులు ఇచ్చే సగం జీతం, ఈఎస్ఐ కట్టిన కార్మికులకే. రైతుకైనా, ఊళ్లో కుట్టు మిషన్ పెట్టుకున్నవాళ్లకైనా, ఆటో నడిపేవాళ్లకైనా మిగిలిన దారి ఉపాధి హామీ జాబ్ కార్డు.

భూమి ఉంటే కార్డు ఇవ్వరని ఎవరైనా చెప్తే నమ్మకండి. పల్లెలో ఉంటూ, 18 ఏళ్లు నిండి, మట్టి పనికి సిద్ధమైతే చాలు. వరంగల్ కార్పొరేషన్ పరిధిలో ఉంటే మాత్రం రాదు. కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లకు మగ్గం ఆగినా ఈ భృతి లేదు, ఇది అన్యాయం.

అసలు సంగతి ఇది. పని అడిగిన 15 రోజుల్లో పని చూపించకపోతే భృతి ఇవ్వాలి. 2005 ఉపాధి హామీ చట్టం 7వ సెక్షన్ ప్రకారం మొదటి 30 రోజులు కూలిలో కనీసం పావు వంతు, ఆ తర్వాత కనీసం సగం. 2025 డిసెంబర్‌లో దాని స్థానంలో తెచ్చిన కొత్త చట్టంలోనూ 15 రోజుల నిబంధన ఉంది. ఉమ్మడి వరంగల్‌కు 2006లో తొలి విడతలోనే ఈ పథకం వచ్చింది, అయినా మనవాళ్లు ఇప్పటికీ ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్ ఎదురుపడితే "అన్నా, పనులు ఎప్పుడు మొదలుపెడతారు" అని నోటితో అడిగి ఊరుకుంటారు. నోటితో అడిగిన దానికి తేదీ ఉండదు, తేదీ లేకపోతే 15 రోజులు ఎక్కడి నుంచి లెక్కపెడతారు?

అందుకే తెల్లకాగితం మీద ఇంత రాయండి చాలు: "మా జాబ్ కార్డు నంబరు ఫలానా, మా ఇంట్లో ఇద్దరం ఫలానా తేదీ నుంచి వరుసగా 14 రోజులు పనికి సిద్ధం, పని ఇప్పించగలరు." దాన్ని పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, జిరాక్స్ కాపీ మీద సంతకం, ముద్ర, తేదీ మూడూ వేయించుకోండి. తేదీ వేసిన రసీదు ఇవ్వడం వాళ్ల బాధ్యత, మొహమాటపడకండి. అక్కడ తీసుకోకపోతే మండలంలో ఎంపీడీవో ఆఫీసులో ఇవ్వండి. రాబోయే ఏదైనా తేదీ నుంచి పని కావాలని రాస్తే 15 రోజులు ఆ తేదీ నుంచే లెక్క.

పనికి రమ్మని కబురొస్తే మాత్రం వెళ్లాలి, వెళ్లకపోతే మూడు నెలలు భృతి అడిగే హక్కు పోతుంది. 15 రోజులు దాటినా పని చూపించకపోతే, ఆ జిరాక్స్ జతచేసి ఎంపీడీవోకు భృతి కోసం ఇంకో దరఖాస్తు పెట్టండి, కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి అదే కాగితం పట్టుకెళ్లండి.