పాత జీన్స్ కాలితో వనభోజనాల క్యారేజీ సంచి: పిల్లలతో కలిసి ఎలా కుట్టాలి?

ఒడిశాలోని మా రాయగడలో తెలుగువాళ్ళకి కార్తీకం దీపావళి వెళ్ళాక మొదలవుతుంది. పక్కింటి ఒడియావాళ్ళకి అంతకు పదిహేను రోజుల ముందే మొదలై పౌర్ణమితో అయిపోతుంది. ఆ మర్నాడు వాళ్ళకి ఛాడఖాయి, మళ్ళీ చేపలూ మాంసమూ. కాబట్టి రెండిళ్ళవాళ్ళం కలిసి వనభోజనాలకి వెళ్ళాలంటే దీపావళికీ పౌర్ణమికీ మధ్య ఆదివారమే చూసుకోవాలి. మేం వెళ్ళేది నాగావళి ఒడ్డున, ఏనుగుల్లాంటి బండలుండే హాతీపథర్‌కి. దానికి ముందు సెలవుల్లో పిల్లలతో సంచులు కుట్టిస్తాను.

ఒక ఏడాది చెప్పుల అట్టపెట్టెకి రంగు కాగితాలు అంటించి, పురికొస కట్టాం. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. దారిలో డాల్మా (ఒడియావాళ్ళ కూరగాయల పప్పు) గిన్నె మూత వదులై కారింది, అట్ట నానింది, బండల మీదికి రాగానే అడుగు ఊడి గిన్నె దొర్లుకుంటూ పోయింది. అప్పట్నుంచి నాకు ఒకటే పట్టింపు: అందం తర్వాత, ముందు అడుగు.

కావాల్సినవి: మగవాళ్ళ వదులు జీన్స్ ప్యాంటు ఒకటి, పార్సిల్ అట్ట, కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్ రెండు, పాత తువ్వాలు, పైజమా బొందు, లావు దారం, పెద్ద సూది, దబ్బనం. కొనాల్సింది ఉంటే దారమే.

ముందు క్యారేజీ కొలవండి. రెండు గిన్నెల స్టీలు క్యారేజీ చుట్టూ టేపు పెడితే మాది 41 సెంటీమీటర్లు వచ్చింది. ప్యాంటు కాలు చుట్టుకొలత దానికంటే దాదాపు 15 సెంటీమీటర్లు ఎక్కువుండాలి. తొడ దగ్గర, రెండు కాళ్ళూ కలిసే చోటు కింద నుంచి 30 సెంటీమీటర్ల ముక్క కత్తిరించండి. వెడల్పున్న తొడ వైపే అడుగు అవుతుంది. కత్తెర పెద్దవాళ్ళ చేతిలోనే ఉండనివ్వండి, జీన్స్ మందానికి పిల్లల వేళ్ళు జారతాయి.

ఇక అడుగు. ముక్కని తిరగేసి, తొడ వైపు అంచులు కలిపి కుట్టాలి. సూది ఒక కుట్టు ముందుకీ అర కుట్టు వెనక్కీ వేస్తూ వెళ్తే కుట్టు విడిపోదు. ఇలా రెండు వరసలు. దారాన్ని కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగితే చిక్కుపడదు, ఆ పని చిన్నపిల్లలకి ఇవ్వండి, భలే ఇష్టంగా చేస్తారు. పక్క కుట్టులాంటి మందమైన చోట ముందు మీరు దబ్బనంతో చిల్లు పెడితే, పదేళ్ళ పిల్లలు సూది దింపగలరు.

ఇప్పుడిది దిండు గలీబులా ఉంటుంది, నిలబడదు. ఒక మూలని పట్టుకుని, అడుగు కుట్టు మధ్యకొచ్చేలా సమోసాలాగా చదును చేయండి. కొస నుంచి 7 సెంటీమీటర్లు కొలిచి అడ్డంగా గీత గీస్తే ఆ గీత 14 సెంటీమీటర్లు వస్తుంది. గీత మీద కుట్టండి. రెండో మూలా అంతే. ఆ చెవుల్ని కత్తిరించొద్దు, అడుగు మీదికి మడిచి నాలుగు టాకాలు వేస్తే ఇంకో పొర అవుతుంది. సంచిని మళ్ళీ తిరగేస్తే చతురస్రం అడుగుతో కూర్చుంటుంది. 13 సెంటీమీటర్ల చదరపు అట్టలు రెండు, ఒకదాని గీతలు నిలువుగా, ఇంకోదానివి అడ్డంగా పెట్టి అంటించి, పాల ప్యాకెట్లు చుట్టి లోపల దించండి. కూర కారినా అట్ట తడవదు.

పట్టీకి ప్యాంటు నడుము పట్టీని మించింది లేదు. గుండీ తీసేసి, రెండు కొసల్నీ సంచి పక్కలకి 5 సెంటీమీటర్ల మేర ఆనించి, నాలుగు వైపులా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా కుట్టండి. పై అంచు మడిచి బొందు ఎక్కించండి. తువ్వాలు ముక్క లోపల చుట్టూ పెడితే వేడి కాసేపు నిలుస్తుంది, గిన్నెలూ గలగలమనవు.

పేర్లు రాసే పని మాత్రం పూర్తిగా పిల్లలదే. మా వాడు బళ్ళో నేర్చిన ఒడియా అక్షరాల్లో ఒక వైపు రాశాడు. నాయనమ్మకి అది చదవడం రాదు కనక రెండో వైపు తెలుగులో రాయించింది. రెండో వైపే వంకర.

తిండి ఎప్పుడూ స్టీలు గిన్నెలోనే ఉండాలి, పాత డబ్బాల్లో వద్దు. పూరీలు న్యూస్‌పేపర్లో చుట్టొద్దు, సిరా అంటుతుంది, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లోనే హెచ్చరించింది. ఇక్కడ అడ్డాకులు దొరుకుతాయి, అవి చాలు.

బయల్దేరే ముందు రోజు సంచిలో రెండు లీటర్ల నీళ్ళ సీసా పెట్టి, పిల్లల్ని మేడ మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగమనండి. పట్టీ దగ్గర కుట్టు నోరు తెరిస్తే అప్పుడే తెలుస్తుంది.

తిరిగొచ్చాక అట్ట బయటికి తీసి, సంచి తిరగేసి ఉతకండి. ఉతికే ముందు ఓసారి దులపండి, పోయినసారి మా వాడి దాంట్లో గుప్పెడు ఇసుకా మూడు గులకరాళ్ళూ దొరికాయి.