ట్రయల్ గడువు ముగిసిన సాఫ్ట్‌వేర్‌ను మళ్ళీ పని చేయించుకోవడం ఎలా?

పరకాల నుంచి వచ్చి హనుమకొండ నయీంనగర్‌లో గది తీసుకుని జావా సర్టిఫికేషన్‌కు చదువుతున్నాడు మా చిన్నాన్న కొడుకు. పరీక్ష మూడు వారాలు ఉందనగా ఒక రాత్రి ఫోన్ చేశాడు. "అన్నా, ఇంటెల్లిజే తీసేసి మళ్ళీ వేశాను. అయినా ట్రయల్ అయిపోయిందనే అంటోంది." జావా కోడ్ రాసుకునే ఎడిటర్ ఇంటెల్లిజేను అప్పటికి రెండుసార్లు డౌన్‌లోడ్ చేశాడు. ఆ రోజు ఫోన్ డేటా మొత్తం దానికే ఖర్చయింది.

మరునాడు పొద్దున్నే వెళ్ళి గంటలో సరిచేశాను. ఆ గంటలో చేసినవే ఇక్కడ వరుసగా చెబుతున్నాను. తీసేసి మళ్ళీ వేయడం చాలాసార్లు వృథా శ్రమ. మీ దగ్గర ఉన్నది ఏ ఎడిషనో తెలుసుకుని, దాని ఉచిత ఎడిషన్‌కు మారితే పని అయిపోతుంది.

ముందు మీ పనిని కాపాడుకోండి

దేన్నీ ముట్టుకోకముందే మీరు రాసిన కోడ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. ఇంటెల్లిజేలో అయితే ప్రాజెక్టులు సాధారణంగా మీ యూజర్ ఫోల్డర్‌లో ఐడియా ప్రాజెక్ట్స్ పేరుతో ఉంటాయి. కోడ్ మార్పులను భద్రపరిచే గిట్ అలవాటు ఉంటే అన్నీ కమిట్ చేసి (నమోదు చేసి) ఆన్‌లైన్‌లోకి పంపండి.

ఈ మెట్టు దాటేయవద్దని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ళ క్రితం ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ట్రయల్ ముగిసినప్పుడు, మిగిలిపోయిన ఫోల్డర్లు కూడా తుడిచేస్తే గడువు మళ్ళీ మొదలవుతుందని ఎవరో చెప్పగా విన్నాను. డేటా ఫోల్డర్‌తో సహా తుడిచేశాను. నాలుగు నెలలు కూర్చుని తయారు చేసుకున్న సాధన డేటాబేస్ పోయింది. గడువు మాత్రం తిరిగి రాలేదు.

మళ్ళీ వేసినా ఎందుకు పని చేయదు?

సాఫ్ట్‌వేర్‌ను తీసేసినప్పుడు ప్రోగ్రాం ఫైళ్ళు పోతాయి కానీ, ట్రయల్ ఎప్పుడు మొదలైందన్న గుర్తు పోదు. కొన్ని సంస్థలు దాన్ని విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోనో, దాచిన ఫోల్డర్లలోనో ఉంచుతాయి. మరికొన్ని మీ ఖాతా పేరు మీద తమ సర్వర్‌లోనే రాసుకుంటాయి. ఇంటెల్లిజే ట్రయల్ మొదలుపెట్టడానికి లాగిన్ అడిగేది ఇందుకే. కంప్యూటర్ మార్చినా ఆ ఖాతా లెక్క ఖాతాదే.

గడియారం వెనక్కి తిప్పమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. తేదీ తప్పుగా ఉంటే భద్రతా సర్టిఫికెట్లు సరిపోక బ్రౌజర్‌లో వెబ్‌సైట్లు తెరుచుకోవు, గిట్‌లో తేదీలు కలగాపులగం అవుతాయి. ఇక లైసెన్సు లేకుండా సాఫ్ట్‌వేర్‌ను నడిపిస్తామనే క్రాక్ ఫైళ్ళయితే వాటిని నడపాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటాయి. ఆ ఒక్క మాట చాలు, వాటి జోలికి వెళ్ళకపోవడానికి. పైగా డబ్బు పెట్టి కొనాల్సినదాన్ని దొంగదారిలో వాడటం తప్పే. ఉచితంగా దొరికేది పక్కనే ఉండగా ఆ తప్పు చేయాల్సిన అవసరం అసలే లేదు.

ఇప్పుడు ఉచిత ఎడిషన్‌కు మారండి

ఇంటెల్లిజే ఐడియా అల్టిమేట్ ట్రయల్ 30 రోజులు. 2025.3 వెర్షన్ నుంచి ఉచిత కమ్యూనిటీ, డబ్బు కట్టే అల్టిమేట్ అని రెండు వేర్వేరు డౌన్‌లోడ్‌లు లేవు. ఒకటే ఇన్‌స్టాలర్. ట్రయల్ ముగిసినా జావా రాసుకోవడానికి కావలసిన సదుపాయాలు ఉచితంగా నడుస్తూనే ఉంటాయి. మా తమ్ముడి దగ్గర ఉన్నది పాత అల్టిమేట్ ఫైలు. రెండుసార్లూ అదే దించుకున్నాడు. అధికారిక సైట్ నుంచి కొత్త వెర్షన్ దించి వేయగానే తెరుచుకుంది.

కాలేజీలో చదువుతున్నవాళ్ళు విద్యార్థి లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. కాలేజీ ఇచ్చిన ఈమెయిల్ లేకపోతే గుర్తింపు కార్డు వంటి పత్రం జతచేయవచ్చు. దీన్ని ఏడాదికోసారి పునరుద్ధరించుకోవాలి.

సి షార్ప్ చదివేవాళ్ళకు విజువల్ స్టూడియో కమ్యూనిటీ ఉంది. 30 రోజుల తర్వాత గడువు ముగిసిందని చెబితే కంగారుపడి తీసేయకండి. అది విద్యార్థులకు ఉచితమే. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే ఆ హెచ్చరిక పోతుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్ ట్రయల్ ఎడిషన్ అయిన ఎవాల్యుయేషన్ 180 రోజులు పని చేస్తుంది. ఆ తర్వాత సర్వీసు మొదలు కాదు. దీనికీ తీసేయడం అక్కరలేదు. ఇన్‌స్టలేషన్ సెంటర్ తెరిచి, మెయింటెనెన్స్ విభాగంలో ఎడిషన్ అప్‌గ్రేడ్ నొక్కి, డెవలపర్ ఎడిషన్ ఎంచుకోండి. చదువుకోవడానికి, సాఫ్ట్‌వేర్ తయారీకి, పరీక్షించడానికి అది ఉచితం. మీ డేటాబేస్‌లు ఉన్నచోటే ఉంటాయి. అయినా ముందుగా డేటా ఫోల్డర్‌లోని ఫైళ్ళను వేరేచోట కాపీ పెట్టుకోండి.

నిజంగానే తీసేసి వేయాల్సి వస్తే

ఫైళ్ళు చెడిపోయి ఉంటే తప్పదు. సెట్టింగ్స్‌లో యాప్స్‌కు వెళ్ళి తీసేయండి, కంప్యూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేసి కొత్తది వేయండి. ఒక్క జాగ్రత్త. జావా ప్రోగ్రాంలను కంపైల్ చేసి నడిపే జేడీకే వేరు, ఎడిటర్ వేరు. యాప్‌ల జాబితాలో రెండూ కనిపిస్తాయి. ఎడిటర్‌తోపాటు జేడీకేను కూడా తీసేస్తే కొత్త ఎడిటర్ తెరుచుకుంటుంది కానీ ప్రాజెక్టు నడవదు. అలా తీసేసినా ఓపెన్ జేడీకే ఆధారంగా వచ్చే టెమురిన్ ఉచితంగా దొరుకుతుంది. మీ పరీక్ష ఏ జావా వెర్షన్ మీదో ఆ వెర్షనే వేసుకోండి.

ఈలోగా చదువు ఆపకండి

అసలు ఇది ముందే చెప్పాల్సింది. జావా 17 పరీక్ష, అంటే 1జెడ్0-829లో, 90 నిమిషాల్లో 50 ప్రశ్నలు. ఉత్తీర్ణతకు 68 శాతం రావాలి. అక్కడ ఎడిటర్ ఉండదు. తెర మీద కోడ్ ఇచ్చి, ఇది కంపైల్ అవుతుందా, ఏమి అచ్చవుతుంది అని అడుగుతారు. ఇంటెల్లిజేలో తప్పు కింద ఎర్రగీత వచ్చేస్తుంది కనుక ఆ ప్రశ్నకు జవాబు మనకు తెలియకుండానే దొరికిపోతుంది. ఎర్రగీత లేనప్పుడు మన కన్నే పట్టుకోవాలి.

అందుకే మా తమ్ముడి చేత ఆ పొద్దున నోట్‌ప్యాడ్‌లో రాయించాను. జావా 11 నుంచి ఒకే ఫైలు ప్రోగ్రాంను విడిగా కంపైల్ చేయకుండా నేరుగా జావా కమాండ్‌తో నడపవచ్చు. చిన్న ముక్కలు సరిచూసుకోవడానికి జావా 9తో వచ్చిన జేషెల్ ఉంది. రెండు ఇంటీజర్ (Integer, int కాదు) వేరియబుళ్ళలో 127 పెట్టి, డబుల్ ఈక్వల్స్‌తో (==) పోల్చి చూడమన్నాను. ట్రూ అని వచ్చింది. రెండింటిలో 128 పెట్టమన్నాను. "ఇదీ ట్రూనే" అని నమ్మకంగా ఎంటర్ నొక్కాడు. ఫాల్స్ వచ్చింది. మైనస్ 128 నుంచి 127 వరకు ఉన్న విలువలకు జావా ఒకే వస్తువును (ఆబ్జెక్ట్‌ను) మళ్ళీ మళ్ళీ ఇస్తుందని, ఆ హద్దు దాటితే వేర్వేరు వస్తువులు తయారవుతాయని, డబుల్ ఈక్వల్స్ పోల్చేది విలువను కాదు, వస్తువునని చెప్పాను. వాడు పుస్తకం తీసి ఆ రెండు వరుసలూ చేత్తో రాసుకున్నాడు. అప్పటికి కొత్త ఇంటెల్లిజే డౌన్‌లోడ్ పూర్తయింది.