పోకర్ టోర్నీ పూర్తి టేపు అమ్ముదామనుకుంటే ముందు వేసుకోవాల్సిన లెక్క

కొండాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడొకడు నా ఎడిట్ రూముకొచ్చి, "అన్నా, గోవాలో పోకర్ టోర్నీ ఫైనల్ టేబుల్ మొత్తం తీద్దాం. ఒక్క కట్ కూడా వద్దు. ఎన్ని గంటలొస్తే అన్ని గంటలూ అలాగే అమ్ముదాం" అన్నాడు. పోకర్ అంటే పందెం కాసి ఆడే పేకాట, ఫైనల్ టేబుల్ అంటే టోర్నీ చివర్లో మిగిలినవాళ్ళు ఆడే ఆఖరి బల్ల. కృష్ణానగర్‌లో పద్నాలుగేళ్ళుగా పెళ్ళి వీడియోలు కోసి కోసి విసిగిన నాకు "కట్ వద్దు" అన్న మాట ఎంత హాయిగా వినిపించిందో! తీశాం. అమ్మాం. ఏం మిగిలిందో చెప్తాను. మీకూ ఇదే ఆలోచన ఉంటే, మేం వెనకాల చూసుకున్నవి మీరు ముందే చూసుకోండి.

మొదట చోటు సంగతి. హైదరాబాద్‌లో డబ్బు పెట్టి పోకర్ ఆడిస్తూ కెమెరా ఆన్ చేస్తే అది వీడియో కాదు, సాక్ష్యం. తెలంగాణ గేమింగ్ చట్టం 1974 నాటిది. 2017లో దాన్ని సవరించినప్పుడు "ఇది నైపుణ్యంతో ఆడే ఆట" అని తప్పించుకునే దారి కూడా మూసేశారు. అందుకే మనవాళ్ళు గోవా వెళ్ళి మాండోవి నదిలో పడవల మీది కేసినోల్లో ఆడతారు. అక్కడ షూట్ చెయ్యాలంటే నిర్వాహకుల అనుమతి, బల్ల దగ్గర కూర్చున్న ప్రతి ఒక్కరి సంతకం కావాలి. కాగితం మీద "తీసుకోవచ్చు" అని ఉంటే చాలదు, "అమ్ముకోవచ్చు" అని కూడా ఉండాలి. మాకు ఆటగాళ్ళ సంతకాలున్నాయి గానీ నిర్వాహకులది నోటిమాటే. టేపు అమ్మకానికి పెట్టిన నాలుగో రోజు ఫోన్ చేసి, "మా లోగో కనిపిస్తోంది, తీసెయ్యండి" అన్నారు. లోగో ఉన్నది బల్ల నడిమధ్యన. పదకొండు గంటలూ ఉంది. చివరికి వచ్చినదాంట్లో పాతిక శాతం ఇస్తామంటే ఊరుకున్నారు.

రెండోది, అన్నిటికంటే ముఖ్యమైనది: ఆటగాడి చేతిలో ముక్కలు చూసేవాడికి కనిపిస్తాయా? చెస్ అయితే బల్ల మీదున్నదే ఆట. పోకర్‌లో అసలు ఆట బోర్లించిన రెండు ముక్కల్లో ఉంటుంది. అవి కనిపించనంత కాలం పోకర్‌ని టీవీలో చూడటం శిక్షే. బొమ్మలు తయారుచేసే హెన్రీ ఓరెన్‌స్టీన్ బల్లలోంచి ఆ ముక్కల్ని చూపించే కెమెరాకి 1995లో పేటెంట్ తీసుకున్నాడు. 1999లో బ్రిటన్ టీవీలో బల్లకి గాజుపలక బిగించి, కిందనుంచి ముక్కలు చూపించారు. ఇప్పుడు పెద్ద టోర్నీల్లో ముక్కల్లోనే ఎలక్ట్రానిక్ చిప్ ఉంటుంది, బల్ల దాన్ని చదివేస్తుంది. ఎవరూ మోసం చెయ్యకుండా ప్రసారాన్ని కాస్త ఆలస్యంగా వదులుతారు. మా దగ్గర అలాంటి బల్ల లేదు. మామూలు కెమెరాలు మూడు, అంతే.

ఇక డబ్బు. మా లెక్క ఇది. మూడు కెమెరాలు మూడు రోజులకి అద్దె 18,000, ఇద్దరు కుర్రాళ్ళకి 6,000, రైలు టికెట్లు, రూములు, తిండి కలిపి 23,000. గంటకి ఒక్కో కెమెరా 45 జీబీ తింటుంది. మూడు కెమెరాలు, పదకొండు గంటలు అంటే దాదాపు ఒకటిన్నర టీబీ. ఒక కాపీ మీద నమ్మకం పెట్టుకుని నేను ఓసారి ఒక పెళ్ళి తలంబ్రాలు పోగొట్టుకున్నాను, అందుకని సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో రెండు డిస్కులు కొన్నాను, 13,000. టేపంతా చూసి ఏ హ్యాండ్ (ముక్కలు పంచిన ఒక్కో ఆట) ఎక్కడుందో రాసిన కుర్రాడికి 15,000. మొత్తం 75,000. ధర 499 పెట్టాం. పేమెంట్ గేట్‌వే వాళ్ళది పోగా చేతికి 487. అంటే 154 మంది కొంటే పెట్టుబడి వస్తుంది, నా రోజులూ కొండాపూర్ కుర్రాడి రోజులూ ఉచితం.

కొన్నది 31 మంది.

కోపం వచ్చింది గానీ, ఆలోచిస్తే తప్పు జనానిది కాదు. యూరోపియన్ పోకర్ టూర్ ఫైనల్ టేబుళ్ళు, ముక్కలు కనిపించేలా, గంటలకు గంటలు యూట్యూబ్‌లో ఉచితంగా ఉన్నాయి. డబ్బు కట్టి చూసేవాళ్ళకి 2017 నుంచి పోకర్‌గో అనే సైట్ ఉంది, చందా కడితే పెద్ద టోర్నీలు కొన్ని వస్తాయి. అసలు పోకర్ వీడియోకి చూసేవాడు డబ్బులిచ్చింది తక్కువే. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ ఇంటర్నెట్‌లో చిన్న పందెం గెలిచి లాస్ వెగాస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ పోకర్ టోర్నీకి వెళ్ళి, 839 మందిలో మొదటివాడై 25 లక్షల డాలర్లు పట్టుకెళ్ళాడు. అది టీవీలో వచ్చింది. మరుసటి ఏడు అదే టోర్నీకి 2,576 మంది వచ్చారు. టేపు అమ్మి ఎవరూ బాగుపడలేదు, టేపు చూసి ఆడటానికి వచ్చినవాళ్ళ వల్ల బాగుపడ్డారు. టీవీ షోలకి డబ్బు పోసిందీ ఆన్‌లైన్ పోకర్ సైట్లే. 2011 ఏప్రిల్ 15న అమెరికా ప్రభుత్వం ఆ సైట్ల మీద కేసులు పెట్టగానే షోలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మన దగ్గరా అంతే: 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్నీ, వాటి ప్రకటనల్నీ నిషేధించింది. ప్రకటన వేస్తే రెండేళ్ళ దాకా జైలు, యాభై లక్షల దాకా జరిమానా. కాబట్టి "స్పాన్సర్ దొరక్కపోతాడా" అన్న ధైర్యం పెట్టుకోకండి.

మరి పూర్తి టేపులో విలువే లేదా అంటే, ఉంది. రాసే పని నేనూ కొంత చేశాను కాబట్టి కళ్ళారా చూశాను. మొత్తం 281 హ్యాండ్లు. 109వది నా కాగితంలో ఇలా ఉంది: "4:17:32. బ్లైండ్స్ 5,000/10,000. మూడో సీటు రెయిజ్ 25,000, ఏడో సీటు కాల్. ఫ్లాప్: ఆఠీన్ రాజు, కళావర్ 8, ఇస్పేటు 3. మూడో సీటు 30,000. ఏడో సీటు 2 నిమిషాల 10 సెకన్లు. ఫోల్డ్." అంటే టేపులో 4 గంటల 17 నిమిషాల 32వ సెకను దగ్గర, తప్పనిసరిగా వేసే పందాలు (బ్లైండ్స్) పడ్డాక, మూడో సీటు పందెం పెంచితే ఏడో సీటు అంతే వేశాడు. బల్ల మీద మూడు ముక్కలు (ఫ్లాప్) తెరిచాక మూడో సీటు మళ్ళీ పందెం కాశాడు, ఏడో సీటు ఆలోచించి ఆలోచించి ముక్కలు పారేశాడు.

ఆ 2 నిమిషాల 10 సెకన్లలో ఏడో సీటాయన ఏమీ చెయ్యలేదు. చిప్స్ (పందెం బిళ్ళలు) ఆరు ఒకదాని మీద ఒకటి పేర్చి, తీసి, మళ్ళీ పేర్చాడు. ఒకసారి నీళ్ళ సీసా మూత తిప్పాడు, తాగలేదు. ఎడిటర్‌గా నేనైతే దాన్ని నాలుగు సెకన్లకి కోసేస్తాను. కానీ అంతకుముందు ముప్పై హ్యాండ్లలో ఆయన చెత్త ముక్కల్ని క్షణంలో విసిరేశాడు. అంటే ఇక్కడ ఏదో ఉంది. టీవీ షో చూసి ఆట నేర్చుకునేవాడికి అన్నీ ఆల్-ఇన్‌లే (ఉన్నదంతా ఒడ్డే పందాలే) కనిపిస్తాయి, మంచి ఆటగాడు గంటలో ఎక్కువసేపు ముక్కలు పారేస్తూ కూర్చుంటాడన్న సంగతి తెలియదు. కట్ చెయ్యని టేపులోనే అది తెలుస్తుంది. కాకపోతే కాగితం లేకుండా పదకొండు గంటల్లో 4:17:32 ఎవడు వెతుకుతాడు? అందుకే ఖర్చులో మీరు ఏది తగ్గించినా ఆ రాసే కుర్రాడి డబ్బు మాత్రం తగ్గించకండి. కొన్న 31 మందిలో ఎక్కువమంది మెచ్చుకున్నది వీడియోని కాదు, ఆ కాగితాన్నే.

ఇంకో సంగతి ఆ 31 పేర్లు చూస్తుంటే తట్టింది. వాళ్ళలో ఐదుగురు ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళే! పెళ్ళి పూర్తి వీడియో ఎవరు అడుగుతారు? పెళ్ళివారే కదా. వాళ్ళ ముక్కలు వాళ్ళకి గుర్తుంటాయి, ముక్కల్లో చిప్‌ని చదివే బల్ల అక్కర్లేదు. ఫోన్ చేసి, "మీరు ఆడిన హ్యాండ్లు మాత్రం వరసగా పెట్టి, టైమ్ రాసి ఇస్తాను, నాలుగు వేలు" అన్నాను. ఐదుగురూ బేరం కూడా ఆడకుండా తీసుకున్నారు. వాళ్ళల్లో విజయవాడ ఆయన, "ఆలోచిస్తున్నప్పుడు నా ముఖం ఎలా ఉంటుందో క్లోజప్‌లో కావాలండీ, అవతలివాళ్ళకి ఏం దొరికిపోతోందో చూసుకోవాలి" అన్నాడు. ఆయన వైపు మా కెమెరా ఒక్కటీ లేదు. మూడూ డీలర్ చేతుల చుట్టూ, కుప్పగా ఉన్న చిప్స్ చుట్టూ అందంగా తిరిగాయి.

పాతిక శాతం పోగా అమ్మకం మీద 11,300, ఈ ఐదుగురి మీద 20,000. దాదాపు 43,700 నష్టం. కొండాపూర్ కుర్రాడు సగం పెట్టుకున్నాడు, పాపం మంచివాడు.

మళ్ళీ వెళ్దామంటున్నాడు. ఈసారి షరతులు నావి. కెమెరాలు ముఖాల మీద. బల్ల దగ్గర కూర్చోబోయేవాళ్ళతో ముందే మాట్లాడుకోవాలి, ఒకరి ముఖం టేపు ఇంకొకరికి అమ్మకూడదు. కనీసం ఆరుగురి అడ్వాన్సు నా ఫోన్‌పేలో పడ్డాకే రైలు టికెట్లు. ప్రస్తుతానికి ఇద్దరిది పడింది.