కొలాజ్ అట్ట మెలితిరుగుతోందా? ముందు కాగితం వాటం చూడండి

పెళ్లిపత్రిక, కమీషన్ కొట్టు ఇచ్చిన క్యాలెండర్, నోటుబుక్కు అట్ట, ఇలా ఇంట్లో ఉన్న అచ్చు వస్తువు మీద ముక్కలు అతికి దాని అర్థం మార్చే డిజైన్ ఎక్సర్‌సైజు ఇది. కోయడం, అతకడం మీకు వచ్చు కాబట్టి చెడిపోయే చోట్లే చూద్దాం.

ఆరాక ముక్క పొరలా ఊడొస్తోంది

వెంటనే జిగురు మార్చకండి. అట్ట మీద నీటిచుక్క వేయండి. రెండు నిమిషాలకీ ఇంకకుండా గుండ్రంగా నిలిస్తే అది లామినేషన్, అంటే పైన అంటించిన ప్లాస్టిక్ పొర, దాని మీద ఫెవికాల్ పట్టదు. ముక్క వచ్చే మేర 320 నంబరు సాండ్‌పేపరుతో మెరుపు పోయేదాకా రుద్ది, పొడి తుడిచి అతికించండి. ఈ ఒక్క చుక్క వేయడానికి బద్ధకించి డబ్బాలకు డబ్బాలు ఖాళీ చేస్తుంటారు.

రాత్రి చదునుగా ఉన్న అట్ట తెల్లారేసరికి మెలితిరిగింది

అందరూ జిగురు ఎక్కువైందనుకుంటారు. చాలాసార్లు అసలు దొంగ గ్రెయిన్, అంటే కాగితంలో పీచు సాగిన వాటం. తడి తగిలిన పీచు పొడవు పెద్దగా పెరగదు, లావెక్కుతుంది. అందుకే కాగితం వాటానికి అడ్డంగా సాగుతుంది, ఆరేటప్పుడు అటే కుంచించుకుంటుంది. ముక్క వాటం, అట్ట వాటం ఒకటైతే రెండూ కలిసి కదులుతాయి. అడ్డదిడ్డంగా ఉంటే చెరోవైపు లాగుతాయి.

దినపత్రికను నిలువుగా చింపి చూడండి, గీత గీసినట్టు చీలుతుంది. అడ్డంగా చింపితే అంచు పళ్లుపళ్లుగా వస్తుంది. చింపడానికి వీల్లేని అట్టనైతే మడత పడకుండా రెండు వైపులా మెల్లగా వంచండి. ఎటు తేలిగ్గా వంగుతుందో ఆ వంపు గీత వెంబడే వాటం. చిన్న ముక్కకు ఒక పక్కనే తడి చేస్తే గొట్టంలా చుట్టుకుంటుంది, గొట్టం పొడవే వాటం. కోయకముందే వెనక పెన్సిల్‌తో బాణం గుర్తు వేసుకోండి, కోశాక పోల్చడం కష్టం.

విజయవాడ లెనిన్ సెంటర్‌ పాత పుస్తకాల కొట్లలో కొన్న పాత పత్రికలోని బొమ్మ అడ్డవాటంలో ఉందా? జిరాక్స్ తీయించండి. ఏ4 కాగితం వాటం మామూలుగా పొడవు వైపే ఉంటుంది, దాన్నిబట్టి బొమ్మను నిలువుగానో అడ్డంగానో పెట్టించాలి. ఇంక్‌జెట్ ప్రింటు మాత్రం వద్దు, తడికి రంగు పారుతుంది.

ఫెవికాల్ మూడు పాళ్లు, నీళ్లు ఒక పాలు కలిపి పల్చగా పూయండి. ముక్క పెద్దదైతే వాటం కలిసినా అట్ట వంగుతుంది. అప్పుడు వెనక కూడా అలాంటి కాగితమే అదే వాటంలో అతికించి, బటర్ పేపర్ల మధ్య పెట్టి, బరువు కింద 24 గంటలు ఉంచండి. మే నెల ఎండలోనో ఫ్యాన్ కిందో ఆరబెడితే పై ముఖం ముందే ఆరి మళ్లీ వంకర తిరుగుతుంది.

ముక్క చుట్టూ తెల్లగీత కనిపిస్తోంది

ఆర్ట్ పేపరు, అంటే నున్నటి మెరుపు కాగితం, కోసిన అంచున లోపలి తెలుపు బయటపడుతుంది. ముక్కను బోర్లించి అంచును సాండ్‌పేపరుతో ఏటవాలుగా అరగదీయండి. మిగిలిన తెలుపు మీద అదే రంగు పెన్సిల్ పక్కవాటుగా ఒకసారి లాగితే చాలు.

అది పెళ్లిపత్రికని ఎవరూ పోల్చుకోవడం లేదు

మరీ ఎక్కువ కప్పేశారు. పసుపు రాసిన మూలలు, పైన 'శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు' వరస, ముహూర్తం అచ్చయిన చోటు వదిలేయండి. మార్పు ఒక్కచోటే జరగాలి. వధూవరుల పేర్ల స్థానంలో కరెంటు బిల్లు ముక్క చేరితే చాలు, మిగతాదంతా పత్రికలాగే ఉండాలి.

మెషిన్ బస్సు టికెట్ వేడికి నల్లబడుతుంది, జిరాక్స్ వాడండి. మైదా జిగురుకు పురుగు పడితే ఈసారి ఉడికించేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వేయండి. అది విషం, వంటగిన్నెలో మాత్రం కలపకండి.